లోపలే ఉండిపోయిన ఒకరు

“శాంతి ఒప్పందం మీద సంతకాలు మధ్యాహ్నం, లైబ్రరీ హాల్లో. శత్రువులు పేలుడు ప్లాన్ చేసిందీ అక్కడే. నీ పార్ట్‌నర్ చిలక,” అన్నాడు చీఫ్.

గబ్బిలం ఫైలు అందుకున్నాడు. గూఢచారి డిపార్ట్‌మెంట్‌లో అది అతని కోడ్‌నేమ్. ఆ లైబ్రరీని నడిపేది అతని సొంత అక్క. మూడేళ్ల క్రితం ఏజెంటయిన బావ, చిలకతో కలిసి అక్కడికే మిషన్ మీద వెళ్లాడు. చిలక ఒక్కతే తిరిగొచ్చింది. బావ పరాయి దేశానికి అమ్ముడుపోయి పారిపోయాడని రిపోర్టు ఇచ్చింది. అందగత్తె చెబితే ఆఫీసులు తొందరగా నమ్ముతాయి. నమ్మేశారు.

అక్క నమ్మలేదు. ఏ వేళ రద్దీ, ఏ గదిలో కుర్చీలు చాలడం లేదు అని తెలుసుకోవడానికి తలుపు పైన ఆమె అప్పటికే ఒక సెన్సార్ పెట్టించి ఉంది. అది వచ్చేవాళ్లనీ పోయేవాళ్లనీ లెక్కపెడుతుంది. బావ మాయమైన రోజు, లోపలికి వచ్చినవాళ్ల కంటే బయటికి వెళ్లినవాళ్లు ఒకరు తక్కువ. ఎందరికో చూపించింది. మెషీన్ చెడిందన్నారు. ఆమెకే మతి చెడిందని చాటుగా నవ్వుకున్నారు. అప్పటి నుంచి మూసి వెళ్లేటప్పుడు రీడింగ్ రూమ్‌లో ఒక లైటు వెలుగుతూనే వదిలేస్తుంది. లోపల ఒకరున్నారుగా అంటుంది.

మెకానిక్ వేషంలో గబ్బిలం వచ్చేసరికి అక్క స్క్రీన్ ముందు ఉంది.

“మళ్లీ అదే జరుగుతోందిరా తమ్ముడూ. ఈ మధ్య కొన్ని రోజుల్లో ఒకరు లోపలికెళ్లి బయటికి రావట్లేదు.”

బల్లల మీద వదిలేసిన పుస్తకాలను సర్దేముందు స్కాన్ చేస్తారు. అక్క ఆ లెక్కను సెన్సార్ లెక్క పక్కన పెట్టింది. ఎవరూ తొంగిచూడని పాత మ్యాపుల గదిలో, సరిగ్గా ఆ రోజుల్లోనే, ఒకే బీరువాలోని అట్లాసులు కదులుతున్నాయి.

గబ్బిలం స్క్రీన్ మీదికి వంగాడు. “బావేమో అని భయపడుతున్నావా?”

“దయ్యాలు సెన్సార్‌కి దొరకవురా. వెళ్లి చూడు.”

మ్యాపుల గదిలో చిలక అత్తరు వాసన. అట్లాసులు బల్ల మీద, బీరువా గోడకు దూరంగా. దాని వెనక మెట్లు. కింద, సరిగ్గా హాలు కిందన, చిలక బాంబుకు టైమర్ బిగిస్తోంది. అవతల ఏదో గోడౌన్‌లోకి తేలే సొరంగం.

“పార్ట్‌నర్, ఆలస్యమయ్యావ్,” అంటూ పిస్తోలు ఎత్తింది.

టూల్‌బాక్స్ విసిరాడు. గుండు గోడకు తగిలింది. ఆమె చేతులు విరిచికట్టి, వైరు లాగేసరికి టైమర్‌లో ఒక్క సెకను మిగిలింది. పైన చప్పట్లు. సంతకాలయ్యాయి.

టార్చి తిప్పాడు. సొరంగం మలుపులో ఎవరో గోడకు ఆనుకుని కూర్చున్నారు. దగ్గరికెళ్తే ఎముకలు. మణికట్టుకు డిపార్ట్‌మెంట్ ఇచ్చే వాచీ. గబ్బిలం తన చేతి వంక చూసుకున్నాడు. అదే వాచీ.

బావ ఎక్కడికీ పారిపోలేదు.

చీఫ్ స్వయంగా వచ్చాడు, తలెత్తలేకపోయాడు. చిలకను బేడీలతో నడిపించుకెళ్లారు. స్ట్రెచర్ మీద బావ ముందు తలుపులోంచే వెళ్లాడు. సెన్సార్ ఎర్రగా మెరిసింది.

మూసేవేళ స్క్రీన్ మీద, వచ్చినవాళ్ల కంటే వెళ్లినవాళ్లు ఒకరు ఎక్కువ. చీఫ్ ఆ అంకెల వంక చూశాడు. మెషీన్ రిపేరుకు పంపించమంటావా అమ్మా అన్నాడు.

“అక్కర్లేదు సార్. ఇవాళ్టికి లెక్క సరిపోయింది,” అంది అక్క, రీడింగ్ రూమ్ లైటు ఆర్పుతూ.