అత్తరు దుకాణం ముక్కు

"ఈ మందు నకిలీది." దానిష్ స్ప్రే సీసాను మెడికల్ షాపు కౌంటర్ మీద టక్కున పెట్టాడు. ఇంకో చేతిలో రుమాలు, దాని మీద ఎర్రటి మరక.

కౌంటర్ వెనక ఉన్న సైమా సీసాను చూడలేదు. రుమాలునే చూసింది.

"నెత్తురా? ఎప్పటి సంది?"

"నిన్నటి సంది. కొంచెమే. దుమ్ము అలర్జీ అని ఖమ్మంల డాక్టర్ రాసిండు. ఐదు రోజుల సంది కొడుతున్న. ముక్కు గట్లనే బిగుసుకొని ఉంది. వాసన సున్నా."

"రోజుకు ఎన్నిసార్లు కొడుతున్నరు?"

"రాసింది ఒక్కసారే. పనిచేస్తలేదని పొద్దున, మాపు, నడుమ నడుమ..."

"నడుమ నడుమ!" సైమా నుదురు పట్టుకుంది. "ఇది స్టెరాయిడ్ స్ప్రే. కొట్టంగనే ముక్కు తెరుచుకోదు. రోజూ కొడితే వారానికో, రెండు వారాలకో గుణం కనబడతది. ఎక్కువ కొడితే జల్దీ రాదు, గిట్ల నెత్తురొస్తది. ఏదీ, ఎట్ల కొడుతున్నరో చూపించుండ్రి. మూత తియ్యకుండ్రి."

దానిష్ గడ్డం పైకెత్తాడు. కళ్లు మూసుకున్నాడు. సీసాను ముక్కు నడిమి గోడకు ఆనించి, ఛాతీ నిండేలా పొడవుగా, కడదాకా పీల్చాడు.

కళ్లు తెరిచేసరికి సైమా నవ్వుతోంది. మాత్రల కోసం నిలబడ్డ ఇద్దరు ఆడవాళ్లూ నవ్వుతున్నారు.

"నవ్వుడెందుకు?"

"అది అత్తరు కాదు సాబ్, మందు. గంత గట్టిగ గుంజితే ముక్కుల నిలవదు, గొంతులకు పోతది. ఐదు రోజుల సంది మీరు దాన్ని తాగుతున్నరు."

దానిష్ చెవులు వేడెక్కాయి. బొగ్గు గనుల ఊరు ఇల్లందు బజారులో మూడు తరాల అత్తరు దుకాణం వాళ్లది. ఆ ఇంట్లో పిల్లలకు అక్షరాల కంటే ముందు ఆ ఊపిరి నేర్పుతారు. అయితే అతన్ని గుచ్చింది ఆమె నవ్వు కాదు. రెండు నెలలుగా వాసన ఏమీ తెలియకుండానే, తెలిసినట్టు అతను పీలుస్తున్న ఆ ఊపిరి ఒకరి కంట పడింది. అదే గుచ్చింది.

వెళ్లబోతుంటే ఆమె ఆపింది. "నెత్తురు ఆగేదాంక బంద్. ముందు డాక్టర్‌కు ఫోన్ చెయ్యండ్రి."

డాక్టర్ రెండు రోజులు ఆపి, మళ్లీ రోజుకు ఒకసారే మొదలుపెట్టమన్నాడు. అప్పుడు సైమా నేర్పింది. ముందు ముక్కు చీదాలి, సీసా ఊపాలి, తల కొంచెం వంచాలి. ఎడమ ముక్కుకు కుడి చెయ్యి, కుడి ముక్కుకు ఎడమ చెయ్యి. మొన నడిమి గోడ వైపు కాదు, చెవి వైపు.

"ఊపిరి మెల్లగ. పక్కనున్నోళ్లకు వినపడొద్దు."

"అంత మెల్లగ పీలుస్తే మా అబ్బా తిడతడు."

"మీ అబ్బా ముందట కొట్టకుండ్రి మరి."

ఆ తర్వాత అతనికి రోజూ ఏదో ఒక మందు అవసరమైంది.

"మొన్న బ్యాండేజీ, నిన్న బామ్, ఇయ్యాల దగ్గు మందు," అంది సైమా. "దగ్గు ఎవరికి?"

"మా అబ్బాకు."

"ఇప్పుడే ఎదురుంగ మీ దుకాణం ముందట ఆటో ఆయనతోని గంటసేపు కొట్లాడిండు. ఒక్కసారన్నా దగ్గలె."

దానిష్‌కు మనుషులంతా వాసనలుగానే గుర్తుంటారు. సైమా ఒక్కతే కేవలం గొంతుగా, చూపుగా లోపలికి వచ్చింది. ముక్కు బాగైతే ఈ మనిషి మారిపోతుందా? ఆ భయం వింతగా అనిపించినా, వదల్లేదు.

ఇంకో భయం కూడా ఉంది. అది ఆమెకే చెప్పాడు. శుక్రవారం నమాజ్ తర్వాత తండ్రి మహబూబ్ అలీ చీటీలు లేని ఏడు సీసాలు పెడతాడు. వాసన చూసి ఏది ఏదో చెబితే అత్తరు కలిపే బల్ల దానిష్‌ది. లేకపోతే చిన్నాయన కొడుకుది.

"రంగు చూసి, చుక్క చేతి మీద పారే తీరు చూసి చెప్పేస్త," అన్నాడు.

"మోకాలు నొస్తే దాస్తరా? ముక్కు గూడ ఒళ్లే కదా. చెప్పుండ్రి."

శుక్రవారం దానిష్ మొదటి సీసా మూత తీశాడు. ఏదో లీలగా తగిలింది, ఏమిటో తెలియలేదు. చుక్క చిక్కగా పారింది. అగరు చెక్క అత్తరు, ఊద్ అని చెప్పేయవచ్చు. అతను సీసా కింద పెట్టాడు.

"అబ్బా, రెండు నెలల సంది నాకు వాసన తెలుస్తలేదు. అలర్జీ. మందు కొడుతున్న."

మహబూబ్ అలీ ఆ సీసాకు మూత పెట్టాడు.

"నాకు ఎరుకే. గులాబీ అడిగిన ముసలామెకు మొగలి ఇచ్చినవ్. నేను ఆమె ఇంటికి పోయి మార్చి ఇచ్చొచ్చిన. ఎప్పుడు చెప్తవా అని చూస్తున్న."

"మరి బల్ల?"

"నయమైనంక కూసో. జబ్బు చేసిన ముక్కుతోని నాకేం తక్లీఫ్ లేదు. దాచిపెట్టే ముక్కు పక్కన కూసోలేను." సీసాలు పెట్టెలో సర్దుతూ అడిగాడు. "చెప్పమన్నది ఎవరు?"

"మెడికల్ షాపుల... సైమా."

తండ్రి అతని ముఖంలోకి చూసి, చిన్నగా నవ్వి, పెట్టె తీసుకొని లోపలికి వెళ్లాడు.

తర్వాతి వారం ఒక పొద్దున వాన పడింది. తడిసిన బొగ్గుదుమ్ము వాసన దానిష్ ముక్కులోకి దూసుకొచ్చింది. గొడుగు కూడా తీసుకోకుండా రోడ్డు దాటాడు.

కౌంటర్ దగ్గర స్పిరిట్ వాసన, అట్టపెట్టెల వాసన. వాటి వెనక కొబ్బరినూనె.

"ఏం కావాలె?" అంది సైమా.

"ఏం వద్దు. మీరు కొబ్బరినూనె రాసుకుంటరు."

ఆమె కళ్లు వెలిగాయి. "తెలుస్తుందా!"

"అవ్."

"అయితే?"

అతను తన లోపలికి తాను చూసుకున్నాడు. ఏమీ మారలేదు. ఉన్న మనిషికి ఇంకొంచెం కలిసింది, అంతే.

"అయితే ఏం లేదు. వాసన తెలవకముందే అనుకున్న, మా అమ్మీని మీ ఇంటికి పంపాలని."

సైమా చేతిలో మాత్రల పట్టీ ఆగిపోయింది.

"ఆదివారం రమ్మనుండ్రి," అంది, తల ఎత్తకుండానే. "మందు మాత్రం బంద్ చెయ్యొద్దు. డాక్టర్ చెప్పేదాంక."

"సరే. మరి ఆదివారం నేను గూడ రావాల్నా?"

"రాకపోతే మా అమ్మీ ఎవరిని చూస్తది?"