తెరేసమ్మ లాగిన తీగ

ఆటోనగర్లో లారీ తలుపులకి తాళాలు బిగించే జక్కయ్యకి ఇళ్ళ పని అనుకోకుండా అబ్బింది. పటమట వైపు కొత్త మేడలు లేస్తున్న డెబ్భైల రోజులవి. ఎవరైనా పిలిస్తే, టేపు బయటికి తియ్యకముందే గంటసేపు కూర్చుని కబుర్లాడేవాడు. ఇంటికి ఎవరెవరొస్తారు, ఏ వేళకొస్తారు, తలుపు తీసేదెవరు, అన్నీ కనుక్కునేవాడు. తలుపు దొంగని ఏడిపించాలి గాని ఇంట్లోవాళ్ళని కాదనేవాడు.

ఎలిజబెత్ ఇంటికి చేసిన ఏర్పాటు అతనికి బాగా ఇష్టమైనది. ఆవిడ నర్సు. పెళ్ళి చేసుకోలేదు. తల్లి తెరేసమ్మ మోకాళ్ళ నొప్పులతో మేడమీది గదిలోనే ఉండేది. కూతురు డ్యూటీకి వెళ్ళాక వీధి తలుపు గడియ పడి ఉండాలి. తిరిగొచ్చాక ముసలావిడ మెట్లు దిగకుండానే అది తెరుచుకోవాలి. బయట తాళంచెవి దూరే సందు ఉండకూడదని తెరేసమ్మ పట్టు. ఆవిడకి దొంగల భయం. అందుకని జక్కయ్య తలుపుకి స్ప్రింగు గడియ పెట్టి, దాన్నుంచి సన్నటి ఇనపతీగ కప్పీల మీదుగా ఆవిడ మంచం దాకా నడిపించాడు. కింద బెల్లు మోగితే తెరేసమ్మ మంచం మీంచే తీగ లాగేది. తలుపు తెరుచుకునేది.

వచ్చిందెవరో పైకి కనబడేలా కిటికీకి అద్దం కూడా బిగించాలనుకున్నాడు.

"నాకు చూపెక్కడ ఆనుతోంది నాయనా, అద్దమెందుకు?" అంది తెరేసమ్మ. "బెల్లు కొడితే నా బిడ్డే. ఇంకెవరొస్తారు మా ఇంటికి?"

జక్కయ్య అద్దం మానేశాడు.

ఆ ఏడు వేసవిలో తెరేసమ్మ పోయింది. వానలు పడ్డాక, ముసురు పట్టిన ఒక మధ్యాహ్నం, ఎలిజబెత్ గొడుగు వేసుకుని షెడ్డుకి వచ్చింది. మనిషి సగమైంది.

"ఒక గడియ బిగించాలి జక్కయ్యగారూ. మా అమ్మ గదికి. బయటి వైపు."

అప్పుడు తోచింది జక్కయ్యకి. తీగ లాగే తల్లి పోయి మూణ్ణెల్లయినా ఈవిడ బయటి తాళం పెట్టించుకోడానికి ఎందుకు రాలేదు?

"ఇన్నాళ్ళూ వీధి తలుపు ఎలా తీసుకుంటున్నారు సిస్టరుగారూ?"

"రండి. చూపిస్తాను."

ఇద్దరూ రిక్షా దిగేసరికి నాలుగవుతోంది. మబ్బుకి వీధంతా పొద్దు గుంకినట్టుంది. ఎలిజబెత్ మెట్టెక్కి బెల్లు నొక్కింది. లోపల ఎక్కడో గంట మోగి ఆగింది. గోడవెంట తీగ బిగుసుకున్న చప్పుడు... గడియ టక్కుమంది. తలుపు తెరుచుకుంది.

హాల్లో ఎవరూ లేరు. తడి సున్నం వాసన, దాని కింద అమృతాంజనం వాసన.

"అమ్మే కదా అనుకున్నానండీ," అంది ఎలిజబెత్ గొంతు తగ్గించి. "భయం వెయ్యలేదు. డ్యూటీ నుంచి వచ్చి బెల్లు కొడితే తలుపు తీసే మనిషి ఉందన్న ధైర్యం. ఎవరికీ చెప్పలేదు."

"మరి ఇప్పుడు గడియ ఎందుకండీ?"

ఆవిడ మేడమెట్ల వైపు చూసింది.

"ఆదివారం నేను వంటింట్లో ఉన్నాను. బెల్లు మోగింది. నేను చెయ్యి తుడుచుకునే లోపలే తలుపు తెరుచుకుంది. ఎవరో మెట్లెక్కారు. మనిషి కనబడలేదు. అడుగులు మాత్రం... నింపాదిగా. పైన అమ్మ గొంతు వినబడింది. 'వచ్చావా ఎలిజబెత్తూ' అంది. ఆ గది తలుపు మూసుకుంది. అప్పట్నుంచి పైన ఇద్దరున్నారు."

బిగించని అద్దం జక్కయ్య కళ్ళముందు ఆడింది. వెళ్ళిపోదామని కాళ్ళు తొందరపెట్టాయి. కానీ ఆ తీగ నడిపించింది తన చేతులే.

సంచీలోంచి కటింగ్ ప్లేయర్ తీశాడు. ముందు ఇంకెవరూ లోపలికి రాకుండా చెయ్యాలి. గడియ దగ్గర తీగ పట్టుకుని కత్తిరించాడు. తెగిన కొస కిందికి వేలాడాలి. వేలాడలేదు. గోడవెంట సరసరా పైకి పాకిపోయింది... మూర తర్వాత మూర... పైన ఎవరో చేత్తో చుట్టుకుంటున్నట్టు.

ఎలిజబెత్ మెట్ల మధ్యలో ఆగిపోయింది. జక్కయ్య ఒక్కడే పైకి వెళ్ళాడు.

గది తలుపు మూసి ఉంది. సందులోంచి చల్లగాలి. గుసగుసలు వినబడ్డాయి. అతని అడుగుల చప్పుడుకి ఆగిపోయాయి.

బర్మాతో బెజ్జాలు పెట్టాడు. గడియ ఆనించి మొదటి స్క్రూ తిప్పాడు. కర్ర్... ఆగాడు.

కర్ర్...

చెక్కకి అవతలి వైపునుంచి.

మళ్ళీ తిప్పాడు. మళ్ళీ అదే, ఒక్క క్షణం ఆలస్యంగా. చెమట కళ్ళల్లోకి దిగుతోంది. తుడుచుకోలేదు. రెండో స్క్రూ. మూడోది. నాలుగోది. లోపల కూడా మూడోది... నాలుగోది.

పని పూర్తయింది. ప్రభువు పేరు తలుచుకుని గడియ జరిపి పెట్టాడు. టక్.

లోపల టక్.

మెట్ల మీదినుంచి ఎలిజబెత్ గుసగుసగా అడిగింది.

"రెండు గడియలు పెట్టారా అండీ?"

జక్కయ్య పనిముట్లన్నీ అక్కడే వదిలేసి, ఆవిడ చెయ్యి పట్టుకుని మెట్లు దిగాడు.