ఆరువందల పన్నెండు కుర్చీలు

కాస్త దగ్గరికి జరగండి. నా గొంతు వెనక వరసకి వినపడకపోవడం ఇంతవరకూ జరగలేదు గానీ, ఇది గట్టిగా చెప్పే కథ కాదు.

నేను గ్రంథాలయంలో పనిచేస్తాను. పుస్తకం కోసం కంప్యూటర్లో వెతుకుతారు చూడండి, అప్పుడు తెర మీద వచ్చే జాబితా ఎలా కనపడాలో చూసుకోవడం నా పని. ప్రతి పేరు పక్కనా దాని అట్ట బొమ్మ, బొటనవేలంత. అదీ ఒక పనేనా అనకండి. ఒక అట్ట పొడుగు, ఒకటి వెడల్పు. ఊరికే వదిలేస్తే వరసలన్నీ తాగినవాడి నడకలా ఉంటాయి. తెల్ల అట్టలు తెల్ల తెరలో కలిసిపోతాయి, వాటి చుట్టూ సన్నటి గీత గియ్యాలి. కింద రవ్వంత నీడ వెయ్యాలి. మా అక్క నన్ను "పుస్తకాలకి పౌడరు రాసే పిల్ల" అని ఏడిపించేది.

అక్కే ఆ గ్రంథాలయానికి పెద్ద. నా చిన్నప్పుడే అమ్మ పోయింది. నాకు తల దువ్విందీ, జ్వరమొస్తే తెల్లార్లూ కూర్చుందీ, దేవుడికి చేతులు జోడించడం నేర్పిందీ అక్కే. దేవుడి తర్వాత నేను నమ్మింది ఆవిడనే.

మా దగ్గర అట్టలు లేని పాత పుస్తకాలు ఆరువందల పన్నెండు ఉన్నాయి. చినిగిపోయినవీ, మళ్ళీ బైండు కట్టించినవీ. వాటన్నిటికీ కలిపి ఒకటే బొమ్మ పెడతాం. నేను నాన్న కుర్చీ ఫోటో తీసి పెట్టాను. చదువుకునే గదిలో కిటికీ పక్కన ఖాళీ చెక్క కుర్చీ, దాని వెనక తలుపు. నాన్న ముప్ఫై ఏళ్ళు ఆ కుర్చీలో కూర్చుని పుస్తకాల వివరాలు కార్డుల మీద రాశారు. రిటైరయ్యాక కూడా రోజూ వచ్చి అందులోనే కూర్చునేవారు. రెండేళ్ళ కిందట, ఒక సెలవు రోజు మధ్యాహ్నం, అందులోనే పోయారు. గుండెపోటు. పక్కన అక్క ఒక్కతే ఉంది.

"మందు తేవడానికి కిందికి దిగానే. వచ్చేసరికి అయిపోయింది" అని చెప్పింది. నేనా సమయానికి ప్రార్థన మందిరంలో నలభై మంది ముందు నిలబడి పాడుతున్నాను. నాన్న పోయేటప్పుడు కనీసం అక్కయినా దగ్గరుంది కదా అని దేవుడికి ఎన్నిసార్లు దణ్ణం పెట్టుకున్నానో.

కిందటి నెల సంగతి. మర్నాడు కొత్త జాబితా అందరికీ తెరవాలి. ఆ రోజు సెలవు. నేనూ అక్కా ఇద్దరమే ఉన్నాం. బయట ముసురు. మధ్యాహ్నం మూడింటికే గదిలో దీపాలు పెట్టుకోవాల్సినంత చీకటి. తడిసిన కాగితం వాసన, పాత జిగురు వాసన. పక్క గదిలో అక్క బల్ల మీద పుస్తకాలు సర్దుతున్న చప్పుడు.

కుర్చీ బొమ్మ చుట్టూ గీత సరిగ్గా పడిందో లేదో చూద్దామని అట్ట లేని పుస్తకాలన్నీ ఒకే జాబితాగా తెప్పించాను. కుర్చీ. కుర్చీ. కుర్చీ. ఒకదాని కింద ఒకటి. మెల్లగా కిందికి జరుపుతూ పోయాను. నూట ఇరవయ్యో పుస్తకం దగ్గర కుర్చీ మీద ఏదో మరక. తెర తుడిచాను. పోలేదు. దాని కింది బొమ్మలో మరక పెద్దదైంది. ఆ కిందిదానిలో భుజం.

వినండి. అన్నిటికీ ఉన్నది ఒకటే ఫోటో. ఒకదానిలో ఒకలా, ఇంకోదానిలో ఇంకోలా ఉండడానికి వీల్లేదు.

చిన్నప్పుడు నోటుపుస్తకం మూలల్లో బొమ్మలు గీసి, గబగబా పేజీలు వదిలితే మనిషి నడిచేవాడు, గుర్తుందా? అలాగే అనిపించింది. దేవుడి పేరు తలుచుకుని, జాబితాని వేగంగా తిప్పాను.

నాన్న వచ్చి కూర్చున్నారు. కళ్ళద్దాలు తుడుచుకున్నారు. పుస్తకం తెరిచారు. చెయ్యి ఛాతీ మీదికి వెళ్ళింది. పుస్తకం జారింది...

వెనక తలుపు తెరుచుకుంది. అక్క.

ఆవిడ పిడికిట్లో మందు బిళ్ళల పట్టీ. అది మెరవడం కూడా కనిపించింది.

అక్క ఒక అడుగు వేసింది. ఆగింది.

ఎందుకు ఆగిందో తెలియదు... అప్పుడు బొమ్మ కింది అంచు నుంచి ఒక చెయ్యి పైకి లేచింది. అరచెయ్యి తలుపు వైపు. ఆగు, అన్నట్టు.

నాన్న అక్క వైపు చూడలేదు. ఆ చెయ్యి ఉన్నవైపు చూశారు. అంటే నా వైపే. తెరలోంచి. పెదవులు కదిలాయి. వాగుడు ఎక్కువని నాన్న నన్ను పిలిచే ముద్దుపేరు... "పిచ్చుకా."

ఆ తర్వాత బొమ్మల్లో నాన్న కదల్లేదు. అక్కా కదల్లేదు. ఎనభై బొమ్మలు లెక్కపెట్టాను. మందు పట్టుకుని అలాగే నిలబడి ఉంది.

పక్క గదిలో పుస్తకాల చప్పుడు ఆగిపోయింది.

"ఏంటే అలా ఉన్నావు?" అంటూ గుమ్మంలోకి వచ్చింది అక్క.

"మందు నీ చేతిలోనే ఉందక్కా." నా గొంతు నాకే వినపడలేదు. "వచ్చేసరికి అయిపోయిందన్నావు. రెండేళ్ళు... నా కళ్ళు తుడుస్తూ చెప్పావు."

అక్క తెర వంక చూసింది. అక్కడ ఇప్పుడు ఖాళీ కుర్చీలే. అయినా ఏం చూశానని నన్ను అడగలేదు. తలుపు మెల్లగా దగ్గరికి వేసి వచ్చి నా పక్కన కూర్చుంది.

"ఇప్పుడెందుకే అవన్నీ" అని గుసగుసగా అంది. "నేనెవరికైనా చెప్పానా? నిన్ను ఒక్క మాటైనా అన్నానా?"

"నన్నేమంటావు?"

"నాన్న ఎదురుగా నిలబడ్డది నువ్వేగా."

నేను మళ్ళీ తెర వంక చూశాను.

"పాటలు తొందరగా అయిపోయాయేమో అనుకున్నాను. చెయ్యెత్తి ఆగమన్నావు. నువ్వు అంత దగ్గరుండగా భయమేముందిలే అని ఆగాను. అర్థమయ్యేసరికి..." అక్క చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నిన్నెవరూ వేలెత్తి చూపకూడదని ఆ అబద్ధం ఆడాను. నీకు కూడా అదే చెప్పాను, నువ్వు మర్చిపోతే చాలని. ఇవాళ వచ్చి నన్ను నిలదీస్తున్నావు. నీకు మనసెలా వచ్చిందే?"

"నేను అక్కడ లేనక్కా. నలభై మంది చూశారు."

"మరి నాన్నని ఇంటికి తెచ్చేటప్పుడు బండిలో నా చెయ్యి పట్టుకుని కూర్చుందెవరు?"

నేను తల అడ్డంగా ఊపాను.

"గుమ్మం దగ్గర దిగి, 'నువ్వు లోపలికి పద, నేను తర్వాత వస్తా' అన్నావు. పావుగంటకి ఏడుస్తూ వచ్చావు" అంది అక్క. ఆ మాట అంటూనే ఆగిపోయింది. నా చేతి మీదున్న తన చెయ్యి నెమ్మదిగా తీసేసుకుంది.

నాకు కబురు అందింది మందిరంలో. పరిగెత్తుకుంటూ వచ్చేసరికి నాన్న ఇంట్లోనే ఉన్నారు. గుమ్మం దగ్గర ఎవరూ లేరు. దేవుడి మీద ఒట్టు.

ఆ ఫోటో తీసేశాను. ఇప్పుడా పుస్తకాల పక్కన ఉత్త బూడిదరంగు గళ్ళు కనపడతాయి. అక్క నాకు అన్నం పెడుతుంది, వేళకి పలకరిస్తుంది, తన గది గడియ మాత్రం లోపల్నుంచి వేసుకుంటుంది. నన్ను ఇంత బాగా ఎరిగిన మనిషి నన్నే నమ్మలేకపోతోంది. అక్కని తప్పుపట్టలేను. నాన్నే పోల్చుకోలేకపోయారు కదా. ఆ చెయ్యి నాదేననుకునే కళ్ళు మూశారు.

"పావుగంటకి వచ్చింది నువ్వేనా?" అని అక్క అప్పుడప్పుడూ తలుపు అవతలి నుంచి అడుగుతుంది.

నేనేనక్కా, అంటాను. నిజమే చెప్తున్నాను. ఆ రోజు వచ్చింది నేనే.

తర్వాత వస్తానన్నావిడ... ఇంకా రావాలి.