పన్నెండో నొక్కు

"కంట్రోల్, షిఫ్ట్, ఆర్. మూడూ కలిపి నొక్కండి తంగచ్చీ."

"నొక్కినా. ఇంకొకసారి తంగచ్చి అంటే ఫోన్ పెట్టేస్తా."

అవతల ఈశ్వరన్ దగ్గాడు. ఇవతల ఇందుజ గోడ గడియారం వైపు చూసింది. శనివారం. పదకొండూ పది. సాయంత్రం అయిదుకు ఆరు గంటలు కూడా లేవు.

"పోనీ, ప్రైవేట్ విండోలో తెరిచి చూడండి."

"చూసినా. బ్రౌజర్ అంతా తుడిచినా. కంప్యూటర్ ఆపి మళ్ళా పెట్టినా. నాలుగువేల నూట ఇరవై ఏడో నంబరు పేజీ దాచమంటే దాగదు. దాని పక్కన 'కనిపిస్తోంది' అనే ఉండాది."

అవతల కీబోర్డు టకటకలు ఆగాయి.

"ఏ నంబరు అన్నారు?"

"నాలుగు ఒకటి రెండు ఏడు. ఏమి?"

"ఏమీ లేదు. నేనే వస్తా. బస్సు పట్టుకుంటా."

ఫోన్ పెట్టేశాడు. ఏడాదిగా పొల్లాచ్చిలో కూర్చుని ఈ వెబ్‌సైట్ బాగోగులు చూస్తున్న మనిషి, ఒక్కసారి కూడా ముఖం చూపించనివాడు, ఇప్పుడు బస్సు పట్టుకుంటాడట.

ఇందుజ లేచి కిటికీ దాకా నడిచింది. వెనక్కి వచ్చి కూర్చుంది. మళ్ళీ లేచింది.

ఆర్.ఎస్. పురంలో ఒక బట్టల కొట్టు మీది అంతస్తులో ఉంది ఆ కల్యాణ సమాచార నిలయం. కోయంబత్తూరు మొదలు మదురై దాకా ఉన్న తెలుగు ఇళ్ళవాళ్ళు పిల్లల వివరాలు ఇస్తే, వెబ్‌సైట్లో పెట్టి సంబంధాలు చూపించే చోటు. ఇందుజ తండ్రి చెన్నకేశవన్ దానికి కార్యదర్శి. కంప్యూటరు, ఫోను, వచ్చేవాళ్ళకు మంచినీళ్ళు, అన్నీ ఇందుజే.

నాలుగువేల నూట ఇరవై ఏడు కూడా ఇందుజే.

పొద్దున ఇడ్లీ తింటూ నాయన చెప్పిన మాట చెవిలోనే ఉంది. "ఆండిపట్టి సంబంధం వాళ్ళు తొందర పడతా ఉండారు పాపా. నేను బలవంతం చెయ్యను. వద్దంటే నీ పేజీ నీ చేత్తోనే తీసెయ్యి. అయిదుకు నా ఫోన్లో చూస్తా. లేకుంటే వద్దని చెప్పేస్తా. ఉంటే రేపు పూలు పెట్టి ఖాయం చేసుకుందాం రమ్మంటా."

చెన్నకేశవన్ అన్నాడంటే అన్నట్టే. అయిదూ ఒకటికి తీసేస్తే ఒప్పుకోడు.

ఎందుకు వద్దో మాత్రం ఆయన అడగలేదు. అడిగితే ఏమని చెప్పాలి? ఒక గొంతు కోసమనా? అయిదు నిమిషాల పనికి నలభై నిమిషాలు మాట్లాడే గొంతు. 'మేడం' అని వెక్కిరిస్తూ, 'పాస్‌వర్డ్ మరిచిపోయే పోటీ పెడితే కప్పు మీకే' అనే గొంతు. మూడు నెలల కిందట, ఆడి నెలలో, ఆ గొంతుకు ఏమైందో తెలియదు. ఒక రోజు ఉన్నట్టుండి 'తంగచ్చీ' అని పిలిచింది. చెల్లెలట. ఎవరికి చెల్లెలు?

చిరాకు పుట్టి మౌసు పట్టుకుంది. 'దాచు' నొక్కింది. 'కనిపిస్తోంది.' పన్నెండోసారి.

రెండింటికి వాన మొదలైంది. మూడున్నర అయినా మనిషి రాలేదు. నాలుగు అవుతుండగా మెట్ల మీద తడి చెప్పుల చప్పుడు వినిపించింది.

ఆరడుగులు ఉంటాడనుకుంది. లేడు. జుట్టు నుదుటికి అంటుకుపోయి, చొక్కా పిండితే బిందె నిండేలా ఉన్నాడు. చంటిపిల్లను ఎత్తుకున్నట్టు గుండెకు ఒక కొబ్బరి గోనె హత్తుకున్నాడు. అందులోంచి పొడిగా, క్షేమంగా లాప్‌టాప్ బయటికి వచ్చింది.

"దాన్ని కాపాడి మీరు తడిసినారా?"

"నన్ను ఆరబెట్టొచ్చు. దీన్ని కాదు."

గొంతు మాత్రం అదే. ఇందుజ తువ్వాలు ఇచ్చి, వెంటనే గడియారం చూపించింది. అతను తల తుడుచుకుంటూనే టైపు చేయడం మొదలుపెట్టాడు. ఆమె అతని వెనక నిలబడింది. పక్కకు వచ్చింది. మళ్ళీ వెనక్కి వెళ్ళింది.

"కూర్చోండి. మీరు నడిస్తే నా టైపింగ్ తప్పుతుంది."

"అయిదుకు అయిపోవాల."

"తెలిసింది. పదోసారి చెప్తా ఉండారు." నాలుగూ ఇరవైకి తల ఎత్తాడు. "దొరికింది. తప్పు నాదే."

"ఏమి చేసినారు?"

"సర్వర్ ఒక పేజీ తయారుచేస్తే దాని కాపీ పక్కన పెట్టుకుంటుంది. మళ్ళా అడిగినోళ్ళకు ఆ కాపీనే చూపిస్తుంది, వేగంగా ఉండాలని. అదే క్యాష్. బయటి పేజీలకు మంచిదే. అడ్మిన్ పేజీకి మాత్రం కాపీ తియ్యకూడదని రూలు పెట్టినా. పోయిన వారం దొంగ లాగిన్లు ఎక్కువైనాయని అడ్మిన్ అడ్రస్ మార్చినా కదా, రూలు పాత అడ్రస్‌కే ఉండిపోయింది."

"అంటే నేను చూస్తా ఉండేది?"

"సద్ది పేజీ. ఎన్నిసార్లు నొక్కినారు?"

"పన్నెండు."

ఈశ్వరన్ నవ్వు ఆపుకోలేకపోయాడు. "పదకొండుతో ఆపి ఉంటే సరిపోయుండు."

"ఏమి?"

"ఆ బటన్ లైటు స్విచ్ మాదిరి. ఒకసారి నొక్కితే దాగుతుంది. ఇంకోసారి నొక్కితే బయటికి వస్తుంది. మొదటిసారే దాగింది. స్క్రీన్ పాత కాపీ చూపించింది, మీరు మళ్ళా నొక్కినారు. బయటి పేజీ తెరిచి చూసినారా?"

"అడ్మిన్‌లోనే ఉండాదని చూపిస్తే బయట ఏమి చూసేది?"

పాత కాపీలన్నీ తుడిచి, రూలు సరిచేసి, మళ్ళీ పరీక్షించేసరికి పది తక్కువ అయిదు. అతను లేచి ఆమెకు కుర్చీ వదిలాడు.

"ఒకే ఒకసారి నొక్కి చెయ్యి తీసెయ్యండి."

నొక్కింది. స్క్రీన్ మీద చిన్న చక్రం తిరిగింది. తిరుగుతూనే ఉంది. ఆమె వేలు దానంతట అదే మౌసు వైపు జరిగింది.

"ఇందుజా. వద్దు."

ఆమె చెయ్యి ఒళ్ళోకి తీసుకుంది. మెట్లెక్కి వచ్చినప్పటినుంచీ అతను ఒక్కసారి కూడా తంగచ్చి అనలేదని అప్పుడు తట్టింది. చక్రం ఆగింది. 'దాగింది.' అతను తన ఫోన్లో బయటి పేజీ తెరిచి చూపించాడు. ఆమె లేదు.

"ఇదంతా పొల్లాచ్చిలో కూచునే చెయ్యొచ్చు కదా?" అంది ఇందుజ.

"చెయ్యొచ్చు."

"మరి బస్సు ఎందుకు ఎక్కినారు?"

అతను గోనె మడత పెట్టాడు. విప్పాడు. మళ్ళీ మడత పెట్టాడు. "నంబరు చెప్పినారు కదా. పేజీ తీసేస్తా ఉండారంటే ఎక్కడో కుదిరినట్టే. ఒకసారి చూసిపోదామని."

"కుదరలేదు. వద్దని తీసేసినా. నా నంబరు మీకెట్లా తెలుసు?"

"ఆడి నెలలో మా రామక్కాళ్ అవ్వ మీ సంబంధం ఇష్టమని మీకు విరుప్పం పంపించింది. వెబ్‌సైట్లో, నా పేరుతో. ఆమె చెప్తే నేనే నొక్కినా. 'ఒకే ఇంటిపేరు, పొందిక లేదు' అని వెబ్‌సైటే తిప్పి కొట్టింది. ఒకే ఇల్లంటే అన్నాచెల్లెళ్ళే కదా. ఆ వరస మరిచిపోకూడదని అట్లా పిలుస్తా ఉండా. రోజూ."

తన గుండెకే చెప్పుకుంటున్నట్టు ఉంది ఆ 'రోజూ'.

"నాకు ఏ విరుప్పమూ రాలేదే."

"ఒకే ఇల్లయితే మీదాకా రాదు."

"ఏ ఇల్లు మీది?"

అతను స్క్రీన్ మీద ఆమె వివరాల్లో తమిళ అక్షరాల మీద వేలు పెట్టాడు. "ఇదే. బల్లా."

"బల్లానా?" ఇందుజ కుర్చీలోంచి లేచింది. "మేము పల్లా."

"ఏది, మళ్ళా చెప్పండి."

"పల్లా. ప. పాలు, పండు, పల్లా."

తమిళంలో ఆ రెండింటికీ అక్షరం ఒకటే. ఇంట్లో తెలుగు మాట్లాడి, బడిలో తమిళం చదువుకున్న ఇళ్ళు వాళ్ళవి. ఫారంలో ఇంటిపేరు తమిళంలోనే రాశారు. ప అయినా, బ అయినా కంప్యూటరు అక్షరం చూసింది. దానికి చెవి లేదు.

"మీకు తెలుగు రాయను వచ్చునా?" అన్నాడు ఈశ్వరన్.

"రాదు. మీకు?"

"నాకూ రాదు."

"మూడు నెలలు," అంది ఇందుజ. "మూడు నెలలు నన్ను తంగచ్చి చేసినారు. నోరు తెరిచి ఒకమాట అడిగి ఉంటే?"

"స్క్రీన్‌ను నమ్మినా. మీ మాదిరే."

ఆమెకు కోపం రావాలి. నవ్వు వచ్చింది.

సరిగ్గా అయిదుకు గొడుగు దులుపుకుంటూ చెన్నకేశవన్ లోపలికి వచ్చాడు. ఒక చేతిలో ఫోన్. దాన్ని పంచె చెంగుతో తుడిచి, చూసి, ఇంకాసేపు చూసి, జేబులో పెట్టుకున్నాడు.

"తీసేసినావు. సరి. ఆండిపట్టికి వద్దని చెప్పేస్తా." అప్పుడు తడిసిన మనిషి మీద చూపు పడింది. "ఈ తంబి ఎవరు?"

"వెబ్‌సైట్ చూసే ఈశ్వరన్, నాయినా. పొల్లాచ్చి."

"మన తెలుగోళ్ళేనా? ఏ ఇంటోళ్ళు తంబీ?"

మంచినీళ్ళ కన్నా ముందు అడిగే ప్రశ్న అది. ఈశ్వరన్ నిటారుగా నిలబడ్డాడు. "బల్లా ఇల్లు."

"అట్లనా, పల్లానా? అయితే మనోడివే. నాకు కొడుకు వరస."

"పల్లా కాదు, బల్లా," అన్నాడు ఈశ్వరన్. ఊపిరి తీసుకున్నాడు. "మామా."

చెన్నకేశవన్ కూతురి వైపు చూశాడు. ఆమె కీబోర్డులో అక్షరాలు లెక్కపెడుతోంది.

"ఏమన్నావు తంబీ? మళ్ళా చెప్పు."

ఈశ్వరన్ నోరు తెరిచాడు.

"వద్దు," అంది ఇందుజ తల ఎత్తకుండా. "ఒకసారి చాలు. మళ్ళా నొక్కితే తిరగబడుతుంది."

చెన్నకేశవన్‌కు ఆ మాట అర్థం కాలేదు. వరసలు అర్థమవుతాయి. కూతురు పేజీ ఎందుకు తీసేసిందో కూడా ఇప్పుడు అర్థమైంది. కుర్చీ లాక్కుని కూర్చుని, మళ్ళీ ఫోన్ బయటికి తీశాడు.

"మీ ఇంట్లో పెద్దోళ్ళ నంబరు చెప్పు," అన్నాడు. "నోటితోనే మాట్లాడతా. కంప్యూటరు వద్దు."