ఎర్రగా వెలిగిన ఉంగరం

ఆ రోజుల్లో కొత్త వస్తువు కొన్నవాళ్లను ఎలా ఉందని ఎవరూ అడిగేవారు కాదు. వేలివంక చూసేవారు. చూపుడువేలికున్న సన్నటి ఉంగరం పచ్చగా వెలిగితే వస్తువు నచ్చినట్టు, ఎర్రబడితే నచ్చనట్టు. పెళ్లిళ్లలో కానుకలు విప్పేటప్పుడు మాత్రం పెద్దవాళ్లు మర్యాదకు చేతులు కొంగుచాటున దాచుకునేవారు.

ఆ ఉంగరం పేరు మనోమాపకం. నాడి వేగాన్నీ, చెమటలోని ఉప్పునూ, నరాల్లో పారే సన్నని విద్యుత్తునూ దాని లోపలి సెన్సర్లు కలిపి చూసేవి. నోరు ఏం చెప్పినా సరే, ఒంటికి ఏమనిపించిందో అది పట్టేసేది. ఆ లెక్కలన్నీ వస్తు సమితికి చేరేవి. ఎక్కువమంది వేళ్లు ఎర్రబడ్డ వస్తువు తయారీని సమితి ఆపేసి, ఇళ్లలో ఉన్నవాటిని కూడా వెనక్కి తీసుకునేది.

దాన్ని కనిపెట్టింది డాక్టర్ శార్వాణి. ఆమె తమ్ముడికి ఉబ్బసం ఉండేది. జనం తెగ మెచ్చుకుంటూ రాసిన మాటలు చదివి అతనొక ఊపిరి యంత్రం కొన్నాడు. ఆ మెచ్చుకోళ్లన్నీ తయారీదారు డబ్బిచ్చి రాయించినవే. ఒక మధ్యాహ్నం యంత్రం ఆగింది. దాంతోపాటే అతని ఊపిరీ ఆగింది. మాట అబద్ధమాడుతుంది, ఒళ్లు ఆడదు అని ఆనాటి నుంచి ఆమె నమ్మకం.

ఆమెతో కలిసి చదువుకున్న సాల్మన్ రాజు రసాయన శాస్త్రవేత్త. అతని సొంతూరు గవ్వలపాలేన్ని సముద్రం మింగేసింది. మిగిలినవాళ్లను ప్రభుత్వం అలల చప్పుడైనా వినిపించనంత దూరాన, మెట్టనగర్‌లో స్థిరపరిచింది. వాళ్లకోసం అతను గంధపేటిక తయారుచేశాడు. చూడటానికి చిన్న టిఫిన్ డబ్బాలా ఉండేది. పాత వలముక్కల్లో, బట్టల్లో ఇంకిపోయిన వాసన అణువులను వెలికితీసి, వాటినే మళ్లీ మళ్లీ పుట్టించేది. మూత తీస్తే చాలు, మునిగిపోయిన ఊరు గదిలోకి వచ్చేది.

పెట్టె ఇంటింటికీ చేరింది. మూత తీసిన ప్రతి ఇంట్లోనూ ఉంగరాలు ఎర్రబడ్డాయి. సమితి దాన్ని రద్దు చేసింది.

సాల్మన్ రాజు శార్వాణి ప్రయోగశాలకు వచ్చాడు.

“ఒక్కసారి వాళ్లని అడిగి చూడు, శార్వాణీ.”

“అడిగితే నీ మీద అభిమానంతో బాగుందనే అంటారు. వాళ్ల ఒళ్లు చెప్పింది వినాలి కదా, రాజూ.”

అతను వెళ్లిపోయాడు.

మెట్టనగర్‌లో అందరూ పెట్టెలు తిరిగిచ్చేశారు. నూకరత్నం అనే పెద్దావిడ మాత్రం అధికారులు వచ్చేసరికి తలుపు గడియ వేసుకుంది. నచ్చజెప్పడానికి శార్వాణే బయల్దేరింది. ఆడమనిషి గొంతు విని నూకరత్నం తలుపు తీసింది, కుర్చీ వేసింది, మంచినీళ్లిచ్చింది. అడగకుండానే పెట్టె తెచ్చి మూత తీసింది. తడి వలలు, ఎండుతున్న చేపలు, పడవకు పూసిన తారు, అన్నీ కలిసిన వాసన. ఆమె ఉంగరం నిప్పుకణికలా ఎర్రబడింది.

ఇది మీకు నచ్చలేదని ఉంగరం చెబుతోంది కదా అని శార్వాణి అడిగింది.

“అది సెప్పేది నిజవేనండి. మూత తీత్తే మా ఆయన పెంటయ్య గుమ్మంలోకొచ్చినట్టుంటది. ఉప్పెనలో పడవ తాడు ఇప్పడానికెళ్లి మరి రాలేదండి. ఏడుపొచ్చేత్తది.”

“అంత బాధపెట్టేదాన్ని ఎందుకు దాచుకున్నారు పిన్నిగారూ?”

“ఏడవడానికేనండి. ఆయనకోసం ఏడిసేదాన్ని నేనొక్కదాన్నే ఉన్నాను. నేనూ మానేత్తే ఇంకెవరేడుత్తారు?”

తమ్ముడు పోయాక తాను ఉంగరం పనిలో పడింది గాని, ఒక్కరోజైనా కూర్చుని ఏడవలేదని శార్వాణికి అప్పుడు తట్టింది.

నూకరత్నాన్ని ఒప్పించి, తప్పక తిరిగి తెస్తానని మాటిచ్చి, ఆ పెట్టెనే తీసుకుని ఆమె సమితి ముందుకు వెళ్లింది. తన లెక్కలో లోపముందని చెప్పింది. గిట్టనిది ఎదురైనా, ప్రాణమైనది దూరమైనా మనిషి ఒళ్లు ఒకేలా మెలితిరుగుతుందనీ, ఉంగరానికి ఆ రెంటి మధ్య తేడా తెలియదనీ వివరించింది. వాళ్లకు తెలియాలని మూత తీసింది. సభ్యుల ఉంగరాల్లో ఏ మార్పూ రాలేదు. ఆ ఊరు వాళ్లెవరిదీ కాదు.

అధ్యక్షుడు మెల్లగా అన్నాడు: “డాక్టరుగారూ, మనిషి చెప్పే మాటని లెక్కలోకి తీసుకోవద్దని మాకు నేర్పింది మీరే. ఇది మంచిదని మీరంటున్నారు. మీ వేలు చూసుకోండి.”

ఆమె చూసుకుంది. ఉంగరం ఎర్రగా మండుతోంది. మూత తీసిన క్షణం ఆమెకు తమ్ముడు గుర్తొచ్చాడు. ఆ సంగతి చెప్పబోయింది. కానీ అదీ మాటే.

పెట్టెను అక్కడే స్వాధీనం చేసుకున్నారు. మిగిలిన వలముక్కలనూ బట్టలనూ సాల్మన్ రాజు చేతే కాల్పించారు. ఊరు నీళ్లకింద ఉంది కాబట్టి ఆ వాసనను మళ్లీ తయారుచేసే దారి లేకుండా పోయింది.

మాట తప్పినందుకు ముఖం చెల్లక శార్వాణి చాలాకాలం మెట్టనగర్ వెళ్లలేదు. ఆ ఏడాది దేశంలోకెల్లా సంతృప్తిగా ఉన్న పట్టణంగా సమితి మెట్టనగర్‌ను ప్రకటించాక, ఉండబట్టలేక వెళ్లింది. నూకరత్నం అరుగు మీద కూర్చుని ఉంది. కోపం చూపలేదు. పక్కన చోటిచ్చింది. అన్నం సయిస్తోందనీ, నిద్ర పడుతోందనీ చెప్పింది.

“మరి పెంటయ్యగారు?”

“మొగం గురుతుందండి. ఆ వాసనే, ఎంత తలుసుకున్నా రాట్లేదు. ఏడుద్దారని కూకుంటాను. ఏడుపూ రాట్లేదండి.”

ఆమె ఉంగరం నిలకడగా, పచ్చగా వెలుగుతోంది. శార్వాణి ఆ చేతిని తన రెండు చేతుల మధ్యకు తీసుకుంది.

“ఎలాంటివారో చెప్పండి పిన్నిగారూ. వింటాను.”

నూకరత్నం ఏదో అనబోయి ఆగింది. వీధివైపు చూసింది.

“మంచోడేనండి,” అంది చివరికి.