మార్చ్‌మాంట్ హోటల్లో మూడో లిఫ్ట్

"ఏ అంతస్తు సార్?"

"మీరెక్కడ దింపితే అక్కడే."

ఓపల్ ష్రోడర్ వెనక్కి తిరగలేదు. తిరగకూడదు. మార్చ్‌మాంట్ హోటల్లో లిఫ్ట్ నడిపే అమ్మాయిలు తలుపు వైపే చూడాలి. ఎక్కినవాళ్లతో అంతస్తు పేరు తప్ప ఇంకోమాట అంటే మేనేజరు చీవాట్లు పెడతాడు. అయినా ఊరుకోలేకపోయింది.

"అయితే పన్నెండులో దింపేస్తాను. అక్కడ మిసెస్ ఫెన్విక్ గారి కుక్క ఉంది. కొత్తవాళ్లంటే దానికి మహా ఇష్టం, కరవడానికి."

వెనక నుంచి నవ్వు వినిపించింది. తలుపు పక్కనున్న ఇత్తడి పలకలో ఓరగా చూసింది. నీలం టై, వంకర ముక్కు. ఆ పలకలో ఎవరి ముక్కైనా వంకరగానే కనిపిస్తుంది కాబట్టి మనిషిని మరీ తీసిపారేయలేదు.

ఆ రోజు నుంచి రస్సెల్ డూలీ మూడో లిఫ్టే ఎక్కేవాడు, పక్క లిఫ్టులు ఖాళీగా ఉన్నా సరే. కంపెనీ పని మీద సెయింట్ లూయిస్ నగరానికి వచ్చానన్నాడు. ఏం పనో చెప్పలేదు, ఓపల్ అడగనూ లేదు. ప్రశ్నలన్నీ అతనివే.

"గడపకి సరిసమానంగా ఎలా ఆపుతారు?"

"అరికాళ్లకి తెలుస్తుంది."

"జనం కిక్కిరిసి ఉంటే?"

"కిందికి దిగేటప్పుడు లిఫ్ట్ నడిపే ఈ లీవర్ కాస్త ముందే వదలాలి. మీకెందుకండీ ఈ గోలంతా?"

"మీ గొంతు వినాలని."

ఓపల్ చెవులు ఎర్రబడ్డాయి. వెనకనుంచి చెవులు కనిపిస్తాయని అప్పుడు తట్టింది. మర్నాడు జుట్టు చెవుల మీదికి దువ్వుకుని వచ్చింది.

ఆగస్టులో ఒక సాయంత్రం వాన దంచికొట్టింది. పనివాళ్ల తలుపు దగ్గర, సందులో, గొడుగు పట్టుకుని రస్సెల్ నిలబడ్డాడు. ఎదురెదురుగా చూసుకోవడం అదే మొదలు.

"అరె, ముక్కు తిన్నగానే ఉందే!"

"వంకరగా ఉంటే గొడుగు కిందికి రారా?"

"అప్పుడూ వచ్చేదాన్నే. వాన అలా ఉంది మరి."

నవ్వుకుంటూ నడిచారు. దారిలో కార్లు నిలిపే ఖాళీ స్థలం వచ్చింది. ఒకప్పుడు అక్కడ ఊరంతటికీ పెద్ద హోటలుండేది. ఓపల్ తల్లి పెళ్లికి ముందు అందులో దుప్పట్లు మడిచేది.

"ఒక్కొక్కటే కూల్చేస్తున్నారు. మా మార్చ్‌మాంట్‌ని మాత్రం ఎవరూ ముట్టుకోలేరు," అంది ఓపల్.

రస్సెల్ ఏదో అనబోయి, ఆగి, కోటు విప్పి ఆమె భుజాల మీద కప్పాడు. పెళ్లి మాట ఎత్తడానికి తడబడుతున్నాడనుకుంది. ఎత్తితే సరేననాలని ఆ రాత్రే నిశ్చయించుకుంది, పిచ్చిపిల్ల.

సోమవారం మేనేజరు లిఫ్ట్ అమ్మాయిలందరినీ పిలిచాడు. "ఎదుటి హోటళ్లన్నీ బటన్ లిఫ్టులు పెట్టేశాయి. మనం పెట్టకపోతే మనదీ కార్లు నిలుపుకునే స్థలమే. ఈయన ఆ లిఫ్టులు పెట్టే కంపెనీ ఇంజనీరు, మిస్టర్ డూలీ."

నీలం టై నేల చూపులు చూస్తోంది.

"నన్నడిగినవాటిలో కంపెనీ కోసం ఏవి, నా కోసం ఏవి?" అతను ఒంటరిగా దొరికినప్పుడు ఓపల్ నిలదీసింది.

"మొదట్లో కంపెనీ కోసమే. తర్వాత ఏది ఎందుకడిగానో నాకే తెలీదు ఓపల్. ఒట్టు."

"నాకు మాత్రం ఒకటి తెలుసు. నా పొట్ట మీద నా చేతే కొట్టించావు."

శీతాకాలానికి లీవర్లు పీకేసి బటన్లు పెట్టారు. అమ్మాయిలు ఒక్కొక్కరే హోటలిచ్చిన గ్లవ్స్ అప్పజెప్పి వెళ్లిపోయారు. ఓపల్ గ్లవ్స్ మాత్రం ఎవరూ అడగలేదు. కారణం కొత్త లిఫ్ట్ నడిపిన మొదటి ఉదయం తెలిసింది. రస్సెల్ ఎక్కాడు. చేతిలో ఉంగరం.

"పెద్దవాళ్లకి బటన్ నొక్కిపెట్టడానికి ఒక మనిషి కావాలని మేనేజర్ని బతిమాలి ఒప్పించాను. నీ ఉద్యోగం ఎక్కడికీ పోదు. నన్ను పెళ్లి చేసుకో."

"మిగతావాళ్ల సంగతో?"

రస్సెల్ చేతిలోని ఉంగరం వైపు చూశాడు.

ఓపల్ మొదటిసారి వెనక్కి తిరిగింది. కళ్లనిండా నీళ్లు. "ఒక్క వేలికి పని మిగిల్చావన్నమాట. చాలా దయ. పై అంతస్తుకి నువ్వే నొక్కుకో. అక్కణ్ణించి మెట్లు దిగి వెళ్లిపో. మళ్లీ నా కంటపడకు."

లిఫ్ట్ దిగి లాబీలోకి వచ్చేసింది. ఎవరి మొహం మీదా ఆమె ఎన్నడూ తలుపు వేసి ఎరగదు. ఆ తలుపులు వాటంతటవే మూసుకున్నాయి.

కానీ వెళ్లలేకపోయింది. తలుపుల పైన లిఫ్ట్ ఏ అంతస్తులో ఉందో చూపే ముల్లునే చూస్తూ నిలబడింది. ముల్లు చివరిదాకా పోయింది, ఆగింది, మళ్లీ కిందికి తిరిగింది. వస్తున్నాడు! నాలుగు తిట్లు తిట్టి, తర్వాత అతని భుజం మీదే ఏడవాలనుకుంది. మనిషి లేనిదే లిఫ్ట్ దిగదని ఆమె ఒంటికి అలవాటైన నమ్మకం.

తలుపులు తెరుచుకున్నాయి. లోపల ఎవరూ లేరు. ఎక్కేవాళ్లు లేకపోతే కొత్త లిఫ్ట్ తనంతట తానే లాబీకి దిగుతుందని పొద్దున్నే అందరికీ చెప్పారు. రస్సెల్ ఆమె మాట విన్నాడు, మెట్లే దిగిపోయాడు.

"పన్నెండుకమ్మా," అంటూ మిసెస్ ఫెన్విక్ కుక్కతో ఎక్కింది.

ఓపల్ కూడా ఎక్కింది. చెయ్యి పాత అలవాటున లీవర్ కోసం వెతికింది. తర్వాత బటన్ నొక్కింది. పన్నెండులో లిఫ్ట్ గడపకి సరిసమానంగా, వెంట్రుకవాసి తేడా లేకుండా ఆగింది, అచ్చం ఆమె ఆపినట్టే.

"జాగ్రత్తగా దిగండి," అంది, తలుపు వైపే చూస్తూ.