చల్లారాక తేలిన నీలం

డాక్టర్ డ్రెస్సింగ్ గదిలో బోర్లా పడి ఉన్నాడు. తల వెనుక గట్టి దెబ్బ. ఒళ్ళు ఇంకా పూర్తిగా చల్లబడలేదు. పక్కనే పగిలిన టింక్చర్ అయోడిన్ సీసా. నేలంతా గోధుమరంగు. ఘాటుకి లేడీ ఇన్‌స్పెక్టర్ ముక్కు మండింది.

ముందుగదిలో ముగ్గురే ఉన్నారు. డాక్టర్ భార్య, తమ్ముడు, క్లినిక్ నర్సు.

"సిస్టర్ చేతులు చూడండి మేడమ్," అన్నాడు తమ్ముడు. "ఇంకా సాక్ష్యం ఎందుకు?"

నర్సు వేళ్ళు గోధుమరంగులో ఉన్నాయి.

"పొద్దస్తమానం కట్లు కట్టే చేతులండీ. ఎప్పుడూ ఇలాగే ఉంటాయి."

"డాక్టర్‌గారితో గొడవేమైనా?" అడిగింది ఇన్‌స్పెక్టర్.

నర్సు చేతులు వెనక్కి పెట్టుకుంది. "నిన్న కేకలేశారు. మత్తు ఇంజెక్షన్లు మాయమవుతున్నాయని. ఒట్టు, నేను తియ్యలేదు!"

కానిస్టేబుల్ వెళ్ళి తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు. ఇన్‌స్పెక్టర్ మనసు మాత్రం ఒప్పలేదు. అడగకుండానే వేలెత్తి చూపినవాడి మీదే ఆమెకు అనుమానం. అతని తెల్లచొక్కా కఫ్ మీద నల్లనీలం మరక.

"ఇదేంటి?"

"సిరా. పెన్ను కారింది."

"ఇవాళ లోపలికి వెళ్ళారా?"

"ఆ గది గడప కూడా తొక్కలేదు."

"చొక్కా విప్పండి."

మరుగుతున్న నీళ్ళు తెప్పించి, కఫ్‌ని ఆవిరి మీద పట్టింది. నీలం పలచబడింది. మాయమైంది.

అతను ఇంత ఊపిరి వదిలాడు. "చూశారా? ఉత్త సిరా!"

ఆమె కఫ్‌ని ఆవిరి మీంచి తీసింది. ఫ్యాన్ కింద పరిచింది. గుడ్డ చల్లారింది. నీలం మెల్లగా తిరిగొచ్చింది.

"పోయిన సిరా ఇలా తిరిగి రాదు," అంది ఇన్‌స్పెక్టర్. "అయోడిన్ చర్మం మీద గోధుమరంగే. గంజి తగిలితే నీలం. వేడికి ఆ నీలం పోతుంది, చల్లారితే మళ్ళీ వస్తుంది. సీసా పగిలినప్పుడు మీ మీద చిందింది. ఇంజెక్షన్లు అమ్ముకుంటున్నది మీరేనని అన్నయ్యకి తెలిసిపోయింది, అవునా?"

"నా చొక్కాకి గంజి ఉందని ఎవరన్నారు?"

"నేను పెట్టాను." అంతవరకూ నోరు విప్పని డాక్టర్ భార్య లేచి నిలబడింది. "అత్తయ్య పోయినప్పటి నుంచీ నీ బట్టలు ఉతికేది నేనేగా."

"వదినా..."

ఆమె కళ్ళు తుడుచుకోలేదు.

"ముందు ఆ పిల్లకి క్షమాపణ చెప్పు. తర్వాత వాళ్ళతో వెళ్ళు."